సలహాదారు గారికి సన్మానం

మా కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న ప్రతి మగాడికీ ఆ రోజుల్లో ఒకటే జబ్బు. రిటైరైన ఆఫీసరు ఒకడు తన ఆఫీసులో కూర్చుని కనబడాలి. కారు కన్నా, మేడ కన్నా అదే గొప్ప. బాలకృష్ణ గారి ఫ్యాక్టరీలో పన్నుల శాఖలో చేసి దిగిపోయిన పెద్దమనిషి ఒకాయన గుమ్మానికి ఎదురుగా కూర్చుని పొద్దస్తమానం పేపరు చదివేవాడు. ఆయన చేసే పని అదొక్కటే. ఆ దారిన పోయినప్పుడల్లా ఆయన్ని చూసి మా ఆయన కుళ్లి చచ్చేవాడు. అన్నం ముందు కూర్చున్నా అదే గోల.

"బాలకృష్ణకి ఆఫీసరున్నాడు. మనకేటుందే?" అనేవాడు.

"జీడిపిక్కలున్నాయి, షెడ్డుంది, పనోళ్లున్నారు. ఇంకేటి కావాలండీ?" అనేదాన్ని.

నా మాట ఆయన చెవికి ఎక్కితే కదా!

మా ఆయన పేరు తిరుపతిరావు. ఫ్యాక్టరీ పేరు శ్రీ ప్రమోదినీ జీడిపప్పు పరిశ్రమ. ప్రమోదిని అంటే నేనే. పెళ్లాం మీద ప్రేమతో పెట్టిన పేరనుకునేరు, అంత అదృష్టం లేదు. ఆడవాళ్ల పేరు మీద అయితే బ్యాంకులో లోను తొందరగా వస్తుందని ఎవరో చెవిలో ఊదితే, లైసెన్సు దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ నా పేరు మీద రాయించాడు. మా వీధిలో సగం ఫ్యాక్టరీలు ఇలాంటివే. బోర్డు మీద ఆడదాని పేరు, కుర్చీలో మగాడు. సంతకం అవసరమైనప్పుడు మాత్రం కాగితాలు నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చేవి. చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆయన వేలు పెట్టిన చోట సంతకం పెట్టేదాన్ని.

అలాగని నాకు ఫ్యాక్టరీ తెలియదనుకుంటే పొరపాటు. పప్పు ఏరే బల్ల దగ్గర రోజూ ఆడవాళ్లతో పాటు నేనూ కూర్చునేదాన్ని. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఇంకో పక్క. పెళ్లయిన దగ్గర్నుంచీ నా రోజంతా అక్కడే గడిచేది. ఆ షెడ్డులో పొగ వాసన లేకపోతే నాకు నిద్ర కూడా పట్టదు.

రెండు వేల మూడు వేసవిలో నీలమ్మ చెయ్యి పోయింది. నీలమ్మది అక్కుపల్లి. మొగుడు వేటకి సముద్రం మీదికి పోతే, ఈవిడ సర్వీసు ఆటో ఎక్కి మా దగ్గరికి పనికొచ్చేది. పిక్కలు కాల్చే డ్రమ్ము పక్కన నిలబడి, కాలి బయటికొచ్చిన పిక్కల్ని పారతో ఎత్తి పోసేది. డ్రమ్ముని తిప్పే గొలుసు మీద రేకు మూత ఉండాలి. అది ఎప్పుడో ఊడిపోయి గోడ మూలన పడుంది. వెల్డింగు వాడిని పిలిపించండని మొత్తుకున్నాను. "సీజను అవ్వనీవే, డ్రమ్ము ఆపితే పని పోద్ది," అన్నాడు మా ఆయన. డ్రమ్ము ఆగలేదు. నీలమ్మ కొంగుతో పాటు కుడిచేతి వేళ్లని గొలుసు లాగేసుకున్నాక ఆగింది.

ఎంక్వైరీకి ధర్మారావు గారొచ్చాడు. ఫ్యాక్టరీల తనిఖీ అధికారి. జీపు దిగాడు, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని డ్రమ్ము షెడ్డు గుమ్మం దాకా వెళ్లాడు, లోపలికి తొంగి చూశాడు, వెనక్కి తిరిగాడు. అదీ తనిఖీ! తర్వాత మా ఇంట్లో జీడిపప్పు ఉప్మా రెండోసారి వేయించుకుని తిన్నాడు. కొబ్బరిబొండం తాగాడు. మా ఆయన జీపు దాకా వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో మాట్లాడాడు. కొన్నాళ్లకి రిపోర్టు వచ్చింది. గొలుసు మీద మూత ఉందిట, పనిమనిషి అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగిందిట, యాజమాన్యం తప్పేమీ లేదుట. ఆ వెంటనే మా లైసెన్సు రెన్యువల్ అయింది. మా ఆయన మిఠాయి పంచాడు. నాకు మాత్రం ఒళ్లంతా సిగ్గుతో చచ్చిపోయింది. నీలమ్మ ముఖం చూడలేక ఆ వారమంతా షెడ్డు వైపు వెళ్లలేదు.

దసరాకి ధర్మారావు గారు రిటైరయ్యాడు. దీపావళికి మా ఆఫీసులో ఉన్నాడు.

"సలహాదారు," అని ఆర్డరు కాగితం నా ముందు పెట్టాడు మా ఆయన.

"ఏటి సలహా ఇత్తాడండీ ఈయన? పిక్కలు కాల్సడం తెలుసా, పప్పు వొలవడం తెలుసా?"

"నీకు తెల్దే. ఆఫీసరంటే ఆఫీసరే."

మా ఆడిటరు కామేశ్ టెక్కలి నుంచి వస్తాడు. ఆ రోజు పక్కనే ఉన్నాడు. కాగితం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వద్దండీ తిరుపతిరావు గారూ," అన్నాడు. "ఆ స్థాయి ఆఫీసరు రిటైరయ్యాక కొన్నాళ్లపాటు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే గవర్నమెంటు అనుమతి తీసుకోవాలి. ఆయన తీసుకోలేదు. అది ఆయన పెన్షనుకి ముప్పు. మనకి అంతకన్నా పెద్ద ముప్పుంది. మన ప్రమాదం ఫైలు చూసినాయన ఈయనే. ఫైలు చూసినాయనకే ఉద్యోగం ఇస్తే, ఆ రిపోర్టు కోసమే ఇచ్చారంటారు. కాదని మనం రుజువు చేసుకోలేం. లైసెన్సు పోతుంది, లంచం కేసు కూడా పడుతుంది."

మా ఆయన పగలబడి నవ్వాడు. "ఓరి కామేశూ! రూలు తెలిసినోడే వొచ్చి మన కుర్సీలో కూసుంటే, నువ్వు నాకు రూలు సెప్తావేటి?"

ధర్మారావు గారు కూడా చిన్నగా నవ్వాడు. "ఆ అనుమతి సంగతి నేను చూసుకుంటానులే అబ్బాయ్. పైన మనవాళ్లున్నారు," అన్నాడు.

చూసుకున్నాడు! అర్జీ కూడా పెట్టలేదని తర్వాత తెలిసింది. సంతకం నేనే పెట్టాను. ఇంటికొచ్చి మళ్లీ ఆ గొడవ పడే ఓపిక లేక పెట్టాను.

ఇక చూడాలి ఆ పెద్దమనిషి వైభోగం! కుర్చీకి తెల్ల తువ్వాలు కట్టించాడు. బల్ల మీద గంట పెట్టించాడు. మంచినీళ్లకి గంట, ఫ్యానుకి గంట, ఈగ వాలితే గంట. పనివాళ్లు ఎదురొస్తే లేచి నిలబడాలిట. పదింటికి వచ్చి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లి, మళ్లీ టీ వేళకి వచ్చేవాడు. పాత ఆఫీసుకి ఫోను చేసి, తన కింద పనిచేసినవాళ్లని "ఏమోయ్" అని పిలిచి కబుర్లు చెప్పేవాడు. ఆ "ఏమోయ్" వినిపించినప్పుడల్లా మా ఆయన ముఖం వెలిగిపోయేది.

చలికాలంలో ఆయన స్థానంలో వేసిన కొత్త ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. కుర్చీలో పాత దొరని చూడగానే పాపం నమస్కారం పెట్టాడు. టీ తాగాడు, పుస్తకంలో సంతకం పెట్టాడు, వెళ్లిపోయాడు. షెడ్డు మొహం కూడా చూడలేదు.

"సూసినావా? ఇదే మరి ఆఫీసరంటే!" అని మా ఆయన నా వైపు మీసం తిప్పాడు.

రేకు మూత ఇంకా గోడ మూలనే ఉంది. నీలమ్మ నిలబడిన చోట ఇంకో ఆడది నిలబడి పిక్కలు ఎత్తిపోస్తోంది. ఆ మూత వేయించమని ఒక్క సలహా ఇవ్వడానికి నోరు రాలేదు ఆ సలహాదారుకి.

ఆఫీసరు ఉంటే సరిపోతుందా? ఉన్నట్టు ఊరందరికీ తెలియాలి. మాఘమాసంలో మా ఆయన సన్మానం పెట్టాడు. కల్యాణమండపం మాట్లాడాడు, కార్డులు కొట్టించాడు, పలాస, కాశీబుగ్గ వ్యాపారులందర్నీ పిలిచాడు. కేబుల్ టీవీ ఢిల్లీబాబుని పిలిపించి మొత్తం వీడియో తీయమన్నాడు. ధర్మారావు గారికి శాలువా, పూలదండ, పళ్లబుట్ట. పళ్లెం పట్టుకుని నిలబడడానికి నేను.

మా ఆయనకి మైకు ఇస్తే దించడు. ఆ రోజు మరీ పూనకం వచ్చింది.

"సోదరులారా! ధర్మారావు గారు ఈయేళ మా కంపినీలో ఉన్నారంటే ఊరికే రాలేదు! ఆ మజ్జెన మా ఫ్యాట్రీలో ప్రమాదం జరిగినప్పుడు ఎంక్వైరీకి ఆరే వొచ్చినారు. ఆ రోజే జీపు కాడ సెయ్యట్టుకుని అడిగినాను. సార్, దిగిపోనాక మా కాడికే రావాల, మీ కుర్సీ రెడీగా ఉంటాది, అని. సారు అప్పుడే మాటిచ్చినారు. మా మీద మచ్చ పడకుండా సేసినారు. మాట మీద నిలబడ్డారు!"

చప్పట్లు! ధర్మారావు గారు శాలువా సర్దుకుని, అవునవునన్నట్టు తల ఊపాడు. రెండో వరసలో కామేశ్ రెండు చేతులతో ముఖం కప్పేసుకున్నాడు. దొంగతనం చేసినవాడు ఎవడైనా ఊరిని పిలిచి, భోజనాలు పెట్టి, మైకులో చేశానని చెబుతాడా? మా ఆయన చెప్పాడు. సన్మానం కదా, ఏదో ఒక గొప్ప చెప్పుకోవాలి మరి. ఇంతకన్నా గొప్ప ఇద్దరి బతుకుల్లోనూ లేదు.

ఢిల్లీబాబు పుణ్యమా అని ఆ ప్రసంగం కేబుల్లో పొద్దునా సాయంత్రం వచ్చింది. టీ కొట్లలో కూడా అదే. వచ్చినప్పుడల్లా మా ఆయన టీవీ ముందు కూర్చుని మళ్లీ చూసుకున్నాడు.

ఓ పొద్దున్న నీలమ్మ మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతికి పాత గుడ్డ చుట్టుకుని ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా సెల్లి ఇంటికాడ టీవీలో సూసినానమ్మా," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "మరైతే నా సెయ్యి ఆ సారు కుర్సీకి ఎల్లిపోనాదేటమ్మా?"

ఏం చెబుతాను? ఆవిడ అడిగిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని చెప్పాను.

"నీలమ్మా, అర్జీ ఎట్టు. ఢిల్లీబాబు కాడ ఆ వీడియో క్యాసెట్టు ఉంది, అడుగు. నాను సెప్పినానని సెప్పు."

"మరి నీ పేరు మీదికి రాదేటమ్మా?"

"వత్తాది. రానీ."

వస్తుందని తెలిసే అన్నాను. వచ్చిననాడు మొగుడు పక్కన నిలబడతాడని కూడా అనుకున్నాను. ఎంత అమాయకత్వమో చూడండి.

అర్జీ పై ఆఫీసుకి చేరింది, వీడియో క్యాసెట్టుతో సహా. మాకు నోటీసు వచ్చింది. ప్రమాదం ఫైలు తిరిగి తెరుస్తున్నాం, విచారణకి వస్తున్నాం, సరైన జవాబు లేకపోతే లైసెన్సు రద్దు చేసి ఫ్యాక్టరీకి సీలు వేస్తాం, అని. చదివి నేను పప్పు ఏరే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్లు తలలు వంచుకుని ఏరుతున్నారు. ఈ షెడ్డుకి తాళం పడితే వీళ్లేం కావాలి, నేనేం కావాలి? ఈ బల్ల తప్ప నాకు ఇంకో లోకం తెలియదు.

అప్పుడు మేల్కొన్నాడు మన సలహాదారు. వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి ఒక సలహా ఇచ్చాడు. తలుపు వేసి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"తిరుపతిరావు గారూ, కాగితాల మీద మీ పేరెక్కడుంది? ఎక్కడా లేదు. ఓనరు కానివాడు ఉద్యోగం ఇస్తానని మైకులో అంటే దానికి విలువేముంది? మాటవరసకి అన్నానని చెప్పండి. ఫ్యాక్టరీతో నాకు సంబంధం లేదనండి. ఆర్డరు ఇచ్చింది మేడమ్ గారు. రూల్సు తెలియక ఇచ్చారు. ఆడకూతురు అడిగింది కదా అని నేను కాదనలేకపోయాను. అంతే."

"మరి ఆవిడ మీద కేసు?" అన్నాడు మా ఆయన. అడిగినందుకు సంతోషించాలి.

"ఆడవాళ్లు కదా. మందలించి వదిలేస్తారు."

మా ఆయన ఒక్క క్షణమైనా ఆలోచించాడా? లేదు. నా వైపు తిరిగి, "నువ్వేటీ మాటాడకు. నాకేటీ తెల్దు, సంతకం ఎట్టమంటే ఎట్టినానని సెప్పు. ఆడమనిషివి, నిన్నేటి సేత్తారు? ఒగ్గేత్తారు," అన్నాడు.

ఇద్దరు మగాళ్లు. ఒకడు జీవితమంతా గవర్నమెంటు జీపులో తిరిగినవాడు, ఒకడు ఊరంతా తనే ఓనరునని మీసం తిప్పినవాడు. ముప్పు వచ్చేసరికి ఇద్దరూ నా చీర చాటున దాక్కుంటున్నారు. అసహ్యం వేసింది. "సరేనండీ," అని మాత్రం అన్నాను.

విచారణకి గౌతమి గారని పెద్ద ఆఫీసరమ్మ వచ్చింది. మా ఆఫీసులోనే కూర్చుంది. ధర్మారావు గారు తన తువ్వాలు కుర్చీ ఇవ్వబోతే, వద్దని స్టూలు లాక్కుంది. గోడ పక్కన నీలమ్మ, కామేశ్. ముందు మా ఆయన్ని పిలిచింది.

"ఈ ఫ్యాక్టరీలో మీకు ఏ హోదా ఉంది?"

"ఏటీ లేదండి. ఓనరు మా ఆవిడే. నానేదో మొగుణ్ని గాబట్టి వత్తుంటాను, పోతుంటాను."

"ఉద్యోగం ఇస్తానని ధర్మారావు గారికి మాటిచ్చానని మీరే మైకులో చెప్పారు."

"మాటవరసకండి. ఓనర్ని కానోణ్ని, నానెలా ఇత్తానండి ఉజ్జోగం? ఈ ఫ్యాట్రీకీ నాకూ ఏటీ సమ్మందం లేదండి."

ఆవిడ రాయించింది. మా ఆయన వంగి సంతకం పెట్టాడు. ధర్మారావు గారు తృప్తిగా కళ్లు మూసుకుని తెరిచాడు.

నా వంతు వచ్చింది.

"మావోరు సెప్పింది ఇంకోపాలి సదవండమ్మా," అన్నాను.

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, చదివించింది. ఓనరు నా భార్య. నాకు ఈ ఫ్యాక్టరీతో ఏ సంబంధమూ లేదు, అని.

"నిజమేనండి. ఓనర్ని నానే," అన్నాను. "గొలుసు మీద మూత లేదండి. నీలమ్మ సెయ్యి ఎల్లిపోయిన రోజూ లేదు, ఈయేళా లేదు. రండి, సూపిత్తాను. ఈ బాబు రాసిన రిపోర్టు శుద్ధ అబద్ధం. షెడ్డు లోపల కాలు ఎట్టకుండా రాసినాడు. ఉజ్జోగం ఆర్డరు మీద సంతకం నాదే. కామేశ్ వొద్దని సెప్పినా ఎట్టినాను. నీలమ్మకి ఏటి ఇయ్యాలో సెప్పండి, నానే ఇత్తాను."

ధర్మారావు గారు లేచి నిలబడ్డాడు. "మేడమ్, తొందరపడుతున్నారు. నా సలహా ఏమిటంటే..."

"మీ సలహా సాలు బాబూ. ఈయేల్టితో మీకు ఇక్కడ పని లేదు. దయసేయండి. ఆ తువ్వాలు కూడా అట్టుకెల్లండి."

ఆయన ముఖం మాడిపోయింది. గంట కొడదామంటే వినేవాళ్లు లేరు. తువ్వాలు అక్కడే వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

"ఇదంతా మీ మీదికే వస్తుంది. కోర్టుకి తిరగాల్సి ఉంటుంది. తెలుసా?" అంది గౌతమి గారు.

"బోర్డు మీద పేరు నాదేనండి. తెలుసు."

ఆవిడ డ్రమ్ము షెడ్డులోకి వెళ్లింది, ముక్కుకి ఏదీ అడ్డం పెట్టుకోకుండా. గొలుసు చూసింది, మూలన తుప్పు పట్టిన రేకు చూసింది. తిరిగొచ్చి చెప్పింది. మూత బిగించేదాకా డ్రమ్ము తిరగకూడదు. మిగతా షెడ్లు నడుపుకోవచ్చు. కేసు కేసే. విచారణ పూర్తయ్యేదాకా ఫ్యాక్టరీతో సంబంధం లేనివాళ్లెవరూ లోపల అడుగు పెట్టకూడదు.

"ఎవరికి వారు ఓనర్ని కాదంటే సీలు వేసి వెళ్లిపోదామనే వచ్చానమ్మా," అంది జీపు ఎక్కుతూ.

జీపు గేటు దాటగానే మా ఆయన నా మీదికి వచ్చాడు. "ఏటే, నీకు పిచ్చెక్కిందేటి? పరువు తీసినావు కదే!"

నేను చెయ్యి చాపాను. "తాళాలు ఇయ్యండి."

"ఏటి?"

"గొడౌను తాళాలు, ఆఫీసు తాళాలు. సమ్మందం లేదని సంతకం ఎట్టినారు. మీకెందుకవి?"

ఆయన కామేశ్ వైపు చూశాడు. కామేశ్ నేల చూపులు చూశాడు. నీలమ్మ మాత్రం కళ్లార్పకుండా ఆయన్నే చూస్తోంది. మొలలోంచి తాళాలు తీసి నా అరచేతిలో పడేశాడు. అవి ఎంత బరువో అప్పటిదాకా నాకు తెలియదు.

మర్నాడు పెందలాడే ఫ్యాక్టరీకి వచ్చాను. వెల్డింగు వాడు అప్పటికే గొలుసు దగ్గర కూర్చున్నాడు. నీలమ్మని పప్పు ఏరే బల్ల దగ్గర నా పక్కన కూర్చోబెట్టాను. ఎడమ చేత్తో తడబడుతూ ఏరుతోంది. కేసు ఎన్నాళ్లు తిప్పుతుందో, ఏం శిక్ష పడుతుందో తెలియదు. భయం లేదని అబద్ధం చెప్పను.

రోజూ వచ్చే వేళకే మా ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్కూటరు మీద వచ్చాడు. హారను కొట్టాడు. గేటు తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాడు. గేటు కాపలా సన్యాసి చేతులు నలుపుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, బాబుగారొచ్చినారు. సమ్మందం లేనోల్ని రానివ్వొద్దని ఆఫీసరమ్మ సెప్పింది కదేటి. ఏటి సెయ్యమంటారమ్మా?"

బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. నేను ఏరుతున్న బద్దని పక్కన పెట్టాను.

"ఏ పని మీదొచ్చినారో అడుగు, సన్యాసీ."